అమ్మగారికి తల తిరగకుండా పనోమీటర్ చూడడం గురించి

నమస్కారం అండి. హైదరాబాద్‌లో గోళాకార తెర మీద ప్రదర్శన చూసినప్పుడు అమ్మగారికి తల తిరిగిందనీ, అందువల్ల జర్మనీ ప్రయాణంలో లైప్‌జిగ్ నగరంలోని పనోమీటర్ అనే చుట్టుచిత్రాల ప్రదర్శనశాలకు తీసుకువెళ్లాలా వద్దా అని సందేహిస్తున్నాననీ రాశారు. నా అభిప్రాయంలో నిస్సంకోచంగా తీసుకువెళ్లవచ్చు.

కళ్లు కదలికను చూస్తూ, లోపలి చెవి మాత్రం శరీరం నిశ్చలంగా ఉందని చెబుతున్నప్పుడు ఆ రెండింటికీ పొంతన కుదరక తల తిరుగుతుంది. పూర్వం గ్యాస్ నిల్వచేసిన గుండ్రటి కట్టడంలో యాదెగార్ అసిసి అనే చిత్రకారుడు 2003లో ప్రారంభించిన ఈ ప్రదర్శనశాలలో బొమ్మ కదలదు. సుమారు 30 మీటర్ల ఎత్తుతో, 100 మీటర్లకు పైగా చుట్టుకొలతతో గుడ్డపై ముద్రించిన ఒకే చిత్రం చుట్టూ వేలాడుతుంది, పగలూ రాత్రీ మారినట్టు వెలుతురు, శబ్దాలు మాత్రమే మారుతాయి. గోల్కొండ కోట బాలాహిస్సార్ పైన నిలబడి నలుదిక్కులా నగరాన్ని చూసినప్పటి అనుభూతికి ఇది ఎంతో దగ్గర.

పారిస్‌లో పాత పోతపని కర్మాగారాన్ని ప్రదర్శనశాలగా మలిచి 2018లో తెరిచిన అతెలియే దె లుమియేర్ సంగతి వేరు. అక్కడ ప్రొజెక్టర్ల బొమ్మలు గోడల మీదా నేల మీదా నిరంతరం పారుతుంటాయి కనుక అమ్మగారికి దాన్ని నేను సూచించను.

లైప్‌జిగ్‌లో మధ్యనున్న వేదిక ఎక్కాలంటే మెట్లున్నాయి. మోకాళ్ల నొప్పి ఉంటే ఆమెను కిందనే నిలబెట్టి చూపించండి. ఆ ఎత్తు గాంభీర్యం నిజానికి కిందినుంచే ఎక్కువగా తెలుస్తుంది. వెలుతురు తగ్గే సమయంలో చేయి పట్టుకొని ఉండండి, ఒక శాలువా కూడా వెంట ఉంచండి.