కాకినాడలో లేని పగుళ్లు బెంగళూరులో ఎందుకు?

ప్రశ్న: మాది కాకినాడ. మనవడిని చూసుకోవడానికి ఎనిమిది నెలల క్రితం మారతహళ్లిలో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి వచ్చాను. వయసు 58, ఆరేళ్లుగా షుగరు ఉంది. మా ఊళ్లో ఎప్పుడూ లేనిది, ఇక్కడ సంక్రాంతి దాటగానే మడమలు పగిలి చీర కుచ్చిళ్లు పట్టుకుంటున్నాయి. మొదట ఒంటికి రాసుకునే లోషన్ రాశాను. తర్వాత కోడలు మంచి వాసన వచ్చే ఖరీదైన ఫుట్ క్రీము తెప్పించింది. షాపులో అడిగితే యూరియా క్రీము ఇచ్చారు. అది రాయగానే భగ్గున మండింది, భయమేసి పక్కన పడేశాను. వేడినీళ్లలో నానబెట్టి బ్లేడుతో గీకెయ్యమని పక్క ఫ్లాటు ఆవిడ చెబుతోంది. ఏ క్రీము కొనాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ బ్లేడు సంగతి. వద్దు. షుగరు ఉన్నవాళ్లలో చాలామందికి పాదాల్లో స్పర్శ వాళ్లకి తెలియకుండానే తగ్గుతూ వస్తుంది. ఎంత లోతు తెగిందో, నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో కాలికి తెలియదు. కాళ్లు కడిగే నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు, అది కూడా మోచేత్తో చూసుకోండి. గంటలకొద్దీ నానబెట్టొద్దు, నానిన కొద్దీ తర్వాత ఇంకా ఎండిపోతుంది. ఆనెకాయలకి అంటించే పట్టీలు కూడా మీకు వద్దు. వాటిలో చర్మాన్ని కరిగించే యాసిడ్ ఉంటుంది.

నేను బెంగళూరులో ముప్పై ఏళ్లు మందుల షాపు నడిపాను. జనవరి నుంచి ఉగాది దాకా మడమ చూపించి క్రీము అడిగినవాళ్లలో కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాళ్లే ఎక్కువ. మాది హిందూపురం, మాకు పొడిగాలి పుట్టినప్పటి నుంచీ అలవాటే. మీది సముద్రపు ఊరు, గాలిలోనే తడి ఉంటుంది. ఈ ఊరు సముద్రానికి 900 మీటర్ల పైన ఉంది. చలికాలం చివర గాలి ఒంట్లో తేమనంతా లాగేస్తుంది. అరికాలికి చెమట పడుతుంది గానీ నూనె గ్రంథులు ఉండవు. అందుకే ముఖం కంటే ముందు మడమ ఎండుతుంది. మీ అపార్ట్‌మెంట్‌కి బోరు నీళ్లో ట్యాంకరు నీళ్లో వస్తుంటే అదొకటి. ఉప్పునీళ్లలో సబ్బు సరిగ్గా వదలదు, తెట్టులా చర్మానికే పట్టుకుని ఇంకా ఎండబెడుతుంది.

ఇక క్రీముల సంగతి. నవ్వొద్దు గానీ, మీరు పక్కన పడేసిందే అన్నిటికన్నా పనికొచ్చేది. లోషన్‌లో నీళ్ల పాలు ఎక్కువ. చేతులకి సరిపోతుంది గానీ మడమ మందానికి చాలదు. వాసన క్రీముకి ఎక్కువ డబ్బు పోసింది వాసనకే. యూరియా అంటే చేలో చల్లేదే అని కంగారు పడకండి, మన ఒంట్లోనూ చర్మంలోనూ సహజంగా ఉండే పదార్థమే. అది తేమని పట్టి ఉంచుతుంది, కాస్త ఎక్కువ శాతంలో ఉంటే గట్టిపడిన చర్మాన్ని మెత్తబరుస్తుంది. మంట వచ్చింది అది చెడ్డదై కాదు, నోరు తెరుచుకున్న పగులులోకి వెళ్లినందుకు. కాబట్టి మొదట ఓ వారం, పది రోజులు వాసన లేని మామూలు పెట్రోలియం జెల్లీ ఒక్కటే రాయండి. అది కొత్తగా తేమ ఇవ్వదు, ఉన్నదాన్ని పోనివ్వదు. అందుకే స్నానం చేసి కాళ్లు ఒత్తి తుడుచుకున్న రెండు మూడు నిమిషాల్లోనే, తడి పూర్తిగా ఆరకముందే రాయాలి. పగులు పూడాక యూరియా మొదలుపెట్టండి. ట్యూబు వెనక్కి తిప్పి శాతం చూడండి. 10 ఉంటే రోజూ వాడుకోవచ్చు. బాగా మందంగా కట్టిన మడమకి 20, 25 శాతం. 40 శాతంది డాక్టరు చెబితే తప్ప మీరు ముట్టుకోవద్దు.

రాత్రి పడుకునే ముందు రాసి, వదులుగా ఉండే నూలు సాక్సు వేసుకోండి. ఇది నేను అనుభవించి చెప్పే మాట. మా ఆవిడ ఓ రాత్రి జెల్లీ రాసుకుని, సాక్సు లేకుండా నీళ్ల కోసం లేచి గ్రానైట్ గచ్చు మీద జారింది. మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టు. ముప్పై ఏళ్లు అందరికీ చెప్పిన నేను ఇంట్లో మనిషికి చెప్పలేదు. మీరు మనవడిని ఎత్తుకుని తిరిగే మనిషి. రాత్రి లేవాల్సి వస్తే సాక్సుతో కూడా నడవకండి, అది కూడా నున్నటి నేల మీద జారుతుంది. సాక్సు తీసేసి, కాలు తుడుచుకుని, జారని చెప్పులు వేసుకుని లేవండి. పగలు ఇంట్లో కూడా చెప్పులు ఉండాల్సిందే.

వేళ్ల సందుల్లో మాత్రం ఏ క్రీమూ రాయొద్దు. అక్కడ తడి నిలిస్తే పాచిపోతుంది.

ఇంకొకటి గమనించండి. ఒక్క కాలే ఎక్కువగా పొడిబారిందా? అరికాలి గీతల్లో పిండి చల్లినట్టు తెల్లగా పొట్టు లేస్తోందా? వేళ్ల మధ్య దురదా? అయితే అది ఫంగస్ కావచ్చు, ఏ మాయిశ్చరైజరూ దాన్ని తగ్గించదు. షాపులో అడిగి స్టెరాయిడ్ కలిపిన క్రీము తెచ్చుకోకండి. నాలుగు రోజులు తగ్గినట్టుండి తర్వాత పాకిపోతుంది. 2018లో కేంద్రం వాటిని చీటీ లేకుండా అమ్మొద్దని చెప్పినా అడిగితే ఇచ్చేవాళ్లు ఉన్నారు. పగులులోంచి నెత్తురు, చీము వచ్చినా, చుట్టూ ఎర్రబడి వెచ్చగా అనిపించినా, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. అరికాలు కనపడకపోతే కింద అద్దం పెట్టి రోజూ ఒకసారి చూసుకోండి. లేదా అబ్బాయిని ఫోనులో ఫొటో తీయమనండి.

కోడలు తెప్పించిన క్రీము పారేయకండి. చేతులకి రాసుకోండి, ఆ అమ్మాయీ సంతోషిస్తుంది.