తాళంచెవి లోపల పెట్టి తలుపు వేయకు

చిరంజీవి అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

నలభై ప్రభుత్వ శాఖల సర్వర్లన్నీ ఒక్కచోటికి చేర్చే పని నీ చేతికి వచ్చిందని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పింది. ఆమె సంతోషం పట్టలేకపోయింది. నాకూ గొంతు పూడుకుపోయింది. చిన్నప్పుడు నా వెంట సర్వర్ గదికి వచ్చి, ఆ చలికి వణుకుతూ మినుకుమినుకుమనే లైట్లు లెక్కపెట్టిన పిల్లవి నువ్వు. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకు నిద్ర పట్టలేదు. "అన్నీ ఒకచోట పెట్టేస్తే ఇక దిగులుండదు" అని అమ్మతో అన్నావట. ఆ మాట విన్నప్పటి నుంచీ నీకు రాయాలనే కూర్చున్నాను.

ఒకచోటికి చేర్చడం మంచి పనే. విడివిడిగా ఉన్నప్పటి అవస్థ నేను కళ్ళారా చూశాను. ఒక శాఖలో సర్వర్ మెట్ల కింద గూట్లో ఉండేది. "ఆపవద్దు" అని రాసిన అట్టముక్క దాని మీద అంటించి ఉండేది. ఎందుకు ఆపకూడదో చెప్పగలిగిన మనిషి రిటైరై వెళ్ళిపోయాడు. ఇంకోచోట పాస్‌వర్డ్ తెలిసిన ఉద్యోగి సెలవు పెడితే శాఖంతా సెలవు పెట్టినట్టే. కాబట్టి నీ పనిని నేను తప్పుపట్టడం లేదు. కానీ అప్పుడు ఒక సర్వర్ పడిపోతే ఒక శాఖ ఆగేది. ఇప్పుడు అందరి డేటా దాచే నీ స్టోరేజ్ ఒక్కటి ఆగితే నలభై శాఖల కౌంటర్ల ముందు జనం నిలబడిపోతారు. 2010 ఆగస్టులో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో అదే జరిగింది. ఒక్క స్టోరేజ్ వ్యవస్థలో మెమొరీ బోర్డుల లోపం వల్ల 26 ప్రభుత్వ సంస్థల పని ఆగి, డ్రైవింగ్ లైసెన్సులు ఇవ్వడానికి కూడా రోజుల తరబడి వీల్లేకపోయింది. దిగులు పోదమ్మా, నలభై చోట్ల ఉన్నది నీ దగ్గరికి వచ్చి చేరుతుంది.

నీకు తెలిసినవి నేను విప్పి చెప్పను. సర్వర్లు పేర్చే ప్రతి ర్యాక్‌కీ రెండు వేర్వేరు దారుల్లో కరెంటు రావాలి. లోపలికి వెళ్ళే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. నీళ్ళ పైపు ర్యాకుల నెత్తిమీదుగా పోకూడదు. జనరేటర్‌ని ఊరికే తిప్పి ఆపేయకుండా, నిజంగా లోడ్ పెట్టి నడిపి చూడు. కేబుళ్ళకు రెండు చివర్లా పేర్లు అంటించు.

ఎవరిదో తెలియని పాత సర్వర్లు నీకు బోలెడు కనిపిస్తాయి. వాటిని వెంటనే తీసేయకు. నెట్‌వర్క్ కేబుల్ పీకి, మెషీన్‌ని అక్కడే ఉంచి, ఎవరు మొత్తుకుంటారో చూడు. నెల రోజులు చాలవు. ప్రభుత్వ లెక్కల్లో మూడు నెలలకోసారి నడిచే పనులుంటాయి, ఆర్థిక సంవత్సరం చివర ఒక్క రాత్రి మాత్రమే నడిచే పనులూ ఉంటాయి. ఏడాది తిరిగేదాకా పక్కన పెట్టు. స్థలం వృథా అని పైవాళ్ళు అంటే అననీ.

ఇక నీకు ఇంతవరకూ చెప్పని సంగతి. మీ అత్తయ్యకు తప్ప ఇంట్లో ఎవరికీ పూర్తిగా తెలియదు.

పదిహేనేళ్ళు దాటింది. పదకొండు శాఖలను ఒకచోటికి చేర్చే పని నాది. బ్యాకప్ టేపులు రోజూ రాత్రి వేరే భవనానికి వెళ్ళేవి. దారిలో పోతే డేటా బయటపడుతుందని ఆడిట్‌లో రాశారు, అందుకని టేపులన్నీ ఎన్‌క్రిప్ట్ చేశాం, అంటే కీ లేనిదే ఎవరూ చదవలేకుండా తాళం వేశాం. ఆ టేపుల కీలు దాచే సర్వర్ విడిగా, మూలన ఒక చిన్న పెట్టెలో ఉండేది. అన్నీ కొత్త స్టోరేజ్ మీదకు వెళుతున్నాయి కదా, ఇదొక్కటీ పాత ఇనుములా ఎందుకని, ఆఖరి వారంలో దాన్నీ వర్చువల్ మెషీన్‌గా, అంటే సాఫ్ట్‌వేర్‌లో నడిచే సర్వర్‌గా మార్చి అందులోకే ఎక్కించాను. అప్పుడు మా దగ్గర కొత్తగా చేరిన ఆపరేటర్ కుర్రాడు అడిగాడు: "సార్, కీ సర్వర్ పోతే టేపులు ఎలా తెరుస్తాం?" నేను తల ఎత్తకుండానే, "దానికీ బ్యాకప్ ఉంది కదయ్యా" అన్నాను. ఉంది. ఆ ఎన్‌క్రిప్ట్ చేసిన టేపుల్లోనే ఉంది.

అప్పగింత పత్రంలో ఒక వరుస ఉండేది: "కీ ప్రతి వేరేచోట భద్రపరిచారా?" ప్రారంభోత్సవం తేదీ ఖరారైపోయింది, పత్రం ఆ రోజే పైకి పోవాలి. నేను టిక్ పెట్టి సంతకం చేశాను.

ఏడు నెలలు బ్యాకప్ రిపోర్టులో రోజూ ఆకుపచ్చ గుర్తే. తర్వాత ఒక డిస్క్ చెడింది, మార్చాం. కొత్త డిస్క్‌లోకి డేటా మళ్ళీ నిండుతూ రీబిల్డ్ అవుతుండగా రెండోది, దాని వెంటే మూడోది పోయాయి. స్టోరేజ్ మొత్తం కుప్పకూలింది. అప్పటికీ నాకు భయం వేయలేదు, టేపులున్నాయన్న ధైర్యం. తెల్లవారుజామున టేపుల పెట్టె వచ్చింది. మొదటి టేప్ పెట్టాను. డ్రైవ్ దాన్ని లోపలికి లాక్కుంది, లైటు కాసేపు ఆడింది, కీ దొరకలేదని స్క్రీన్ మీద వచ్చింది. ఇంకో టేప్. అదే మాట. మూడోదీ అంతే. ఆ కుర్రాడు నా వెనకే నిలబడి ఉన్నాడు. ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మమ్మల్ని కొంతైనా కాపాడింది మునుపు కీ సర్వర్ ఉన్న ఆ పాత పెట్టే. వేలం వేయడానికి స్టోర్ గదిలో పడేసి ఉంది. దాని డిస్క్‌లో మేం మార్చిన రోజు దాకా వాడిన కీలు మిగిలి ఉన్నాయి. అప్పటి టేపులు తెరుచుకున్నాయి. ఆ తర్వాతి ఏడు నెలల టేపులకు కొత్త కీలు. అవి స్టోరేజ్‌తో పాటే పోయాయి. ఏ కంపెనీ వల్లా ఆ డేటా తిరిగి రాలేదు.

ఆ శాఖల్లో పింఛన్లది ఒకటి. కాగితం దరఖాస్తులు తిరగేసి మళ్ళీ ఎక్కిస్తున్న రోజుల్లో నేనే వెళ్ళి కౌంటర్లో కూర్చునేవాణ్ణి. ఒకావిడ వచ్చింది. కుటుంబ పింఛను మంజూరు కాగితం నాలుగు మడతలు పెట్టి, మడతల దగ్గర చిరుగుతుంటే లోపల ఇంకో కాగితం అంటించి తెచ్చింది. నంబర్ కొట్టి చూశాను. భర్త పేరు మీదే పింఛను ఉంది. మా స్క్రీన్ మీద ఆయన బతికే ఉన్నాడు. పోయి అయిదు నెలలైందని, మరణ ధ్రువపత్రం ఇదివరకే ఇచ్చానని ఆవిడ చెప్పింది. "మళ్ళీ తేవాలా బాబూ?" అని అడిగింది. నేను "అవునమ్మా" అన్నాను. ఇంకేం అనడానికి నాకు నోరు రాలేదు. అలాంటివాళ్ళందరివీ సరిచేయడానికి నాలుగు నెలలు పట్టింది.

అందుకే నువ్వు గీసిన డిజైన్ చూసినప్పుడు నా కళ్ళు ముందుగా ఒక్కదాని కోసమే వెతుకుతాయి. తలుపు తెరిచే తాళంచెవి ఆ తలుపు వెనకే ఉందా? ఒకసారి చూడటం అలవాటైతే అది ప్రతిచోటా కనిపిస్తుంది. 2012లో శాండీ తుపాను న్యూయార్క్‌ని ముంచినప్పుడు కొన్ని భవనాల్లో జనరేటర్లు ఎత్తున భద్రంగానే ఉన్నాయి. వాటికి డీజిల్ ఎక్కించే పంపులు మాత్రం నేలమాళిగలో నీళ్ళలో మునిగాయి. ఒక డేటా సెంటర్‌లో మనుషులు డీజిల్‌ని బకెట్లతో 17 అంతస్తులు మోశారు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు ఆగింది. నెట్‌వర్క్‌తో పాటు బాగుచేసే సాధనాలూ పోయాయి, ఇంజినీర్లు డేటా సెంటర్ లోపలికి చేరడానికే సమయం పట్టింది. అదే ఏడాది మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ అయిదంతస్తుల డేటా సెంటర్ పూర్తిగా కాలిపోయింది. బ్యాకప్‌లను కూడా అదే ఆవరణలో పెట్టుకున్న వాళ్ళకు రెండూ పోయాయి.

దక్షిణ కొరియాలో డేజాన్ సంగతి నీకూ తెలుసు. 2025 సెప్టెంబర్ 26న ప్రభుత్వ డేటా సెంటర్‌లో మంటలు. సర్వర్ల పక్కన ఉన్న యూపీఎస్ లిథియం బ్యాటరీలను వేరేచోటికి మార్చే పనిలో ఉండగానే అంటుకున్నాయి. ఆర్పడానికి 22 గంటలు పట్టింది. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగాయి. ఉద్యోగులు ఫైళ్ళు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు పోయాయి. మరీ పెద్దదని దానికి బయట ప్రతి పెట్టలేదు. ఆ వార్త చదివిన రోజు నేను అన్నం ముట్టలేదు. లిథియం సెల్ లోపల వేడి ఒకసారి అదుపు తప్పితే ఒకదాన్నుంచి ఒకటి అంటుకుపోతుంది. గ్యాస్ కొట్టి మంట ఆర్పినా లోపలి వేడి పోదు, నీళ్ళతో చల్లబరచాలి, ఆ నీళ్ళు సర్వర్ల మీద పడతాయి. బ్యాటరీలకు వేరే గది, వేరే గోడ కావాలి. బడ్జెట్‌లో ఏది కోసినా నువ్వు ఊరుకో, ఈ గోడ దగ్గర మాత్రం ఊరుకోకు. నన్ను తలచుకుని పోట్లాడు.

ఇక్కడ పోతే నడపడానికి ఇంకోచోట రెండో సైట్ ఉంది కదా అంటావు. అది ఎంత దూరంలో ఉంది? ఫైబర్‌లో వెలుతురు మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లే పోతుంది. అంటే వంద కిలోమీటర్ల దూరానికి పోయి రావడానికే ఒక మిల్లీసెకను. ప్రతి రాతా రెండుచోట్లా పడ్డాకే ముందుకు కదలాలంటే మరీ దూరం పెట్టలేవు, దగ్గర పెడితే ఒకే వరదలో రెండూ మునుగుతాయి. అందుకే మూడోది ఒకటి దూరంగా, కాస్త వెనకబడి నడిచినా ఫర్వాలేదని ఉంచుతారు. ఎస్టోనియా 2017లో లక్సెంబర్గ్‌తో ఒప్పందం చేసుకుని, ముఖ్యమైన రికార్డుల ప్రతుల్ని దౌత్య కార్యాలయంతో సమానమైన రక్షణతో ఆ దేశంలోనే ఉంచింది. ఇంకో సంగతి, రెప్లికేషన్‌ని, అంటే ఇక్కడి ప్రతి మార్పూ అక్కడా పడటాన్ని, బ్యాకప్ అనుకోకు. ఇక్కడ చెరిగింది అక్కడ కూడా అదే క్షణంలో చెరుగుతుంది. డేటాకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ పడితే రెండుచోట్లా పడుతుంది. ఎవరూ, నువ్వు కూడా, గడువు తీరేదాకా చెరపలేని ప్రతి ఒకటి ఉండాలి.

శాఖలు "బ్యాకప్‌కి మా దగ్గర నిధుల్లేవు, తర్వాత చూద్దాం" అంటాయి. ఒప్పుకోకు. 2024 జూన్‌లో ఇండోనేషియా తాత్కాలిక జాతీయ డేటా సెంటర్‌పై రాన్సమ్‌వేర్ పడి రెండు వందలకు పైగా ప్రభుత్వ సంస్థలు దెబ్బతిన్నాయి, విమానాశ్రయాల్లో జనం బారులు తీరారు. బ్యాకప్ సౌకర్యం ఉన్నా పెట్టుకోవాలో వద్దో శాఖల ఇష్టానికే వదిలేశారు, దాంతో డేటాలో చాలాభాగానికి ప్రతే లేకపోయింది. నీ గూటికి వచ్చే ప్రతి శాఖకూ బ్యాకప్ ముందే కలిపి ఉండాలి, వద్దనే వీలు ఉండకూడదు.

ఇప్పుడు గొడవ తెచ్చిపెట్టే పని. అన్నీ పడిపోయిన రోజు ఏది ముందు లేపాలి? అందరు అధికారులూ మాదే ముందు అంటారు. ఆ తగువు ఈరోజే, ప్రశాంతంగా ఉన్నప్పుడే తెంచుకుని సంతకాలు తీసుకో. ప్రతి సేవకూ రెండే ప్రశ్నలు: ఎన్ని గంటలు ఆగితే జనం తట్టుకోగలరు, ఎంతసేపటి డేటా పోతే మళ్ళీ ఎక్కించుకోగలరు. అత్యవసర ఫోన్లకూ ఆసుపత్రులకూ నిమిషాల్లో లెక్క. ప్రచార వెబ్‌సైట్ రెండు రోజులు ఆగినా ఎవరి ప్రాణమూ పోదు. వీటన్నిటికీ ముందు లేవాల్సినవి ఎవరి జాబితాలోనూ కనిపించవు: పేర్లను బట్టి మెషీన్ల చిరునామా చెప్పే డీఎన్‌ఎస్, లాగిన్, అన్నిటికీ ఒకే సమయం చెప్పే గడియారం, కీలు. అవి లేకుండా ఏదీ లేవదు.

డ్రిల్ ఆదివారం పూట ఒక గంట చేసి ఫొటోలు తీసుకోవద్దు. పనిరోజున రెండో సైట్‌కి మార్చి, వారం రోజులు అక్కడి నుంచే నడిపి, వెనక్కి తీసుకురా. వెనక్కి రావడంలోనే చాలామంది పడతారు. ముందు ఒక్క చిన్న శాఖతో మొదలుపెట్టు. ఏదో ఒకటి విరుగుతుంది, తిట్లు పడతాయి. ఆ తిట్లు నువ్వే పడు, నీ కింది పిల్లల మీదకు పోనీకు. వాళ్ళలో ఎవరైనా "ఇది పోతే ఎలా మేడమ్" అని అడిగితే చేతిలో పని ఆపి తల ఎత్తి వాళ్ళ ముఖం చూడు.

నీ ఆరోగ్యం గురించి కూడా రాయాలి. నువ్వు మొండిదానివి. పరీక్షలప్పుడు రెండు రాత్రులు మేలుకుని మూడోరోజు జ్వరం తెచ్చుకునేదానివి. ప్రమాదం జరిగిన రోజు పన్నెండు గంటలు దాటాక కీబోర్డు ఇంకొకరికి ఇచ్చేసి పడుకో. 2017లో ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో రాత్రివేళ ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. తర్వాత చూసుకుంటే నడుస్తున్నాయనుకున్న బ్యాకప్‌లు పనిచేయడం లేదని తేలింది. మంచి పనివాళ్ళే, ఆలస్యంగా మేలుకుని ఉన్న వాళ్ళు. అలసిన చేతితో చెరిపే ఆదేశం కొట్టకు తల్లీ. కొట్టక తప్పకపోతే పక్కన ఒకరిని కూర్చోబెట్టి పైకి చదివి వినిపించి కొట్టు.

ఈ ఉత్తరంతో ఒక పాత కాగితం పెడుతున్నాను. ఆ ఏడాది చివర నేను చేత్తో రాసుకున్న జాబితా, చీకట్లోంచి ఏది తర్వాత ఏది లేపాలో. రెండో వరుస పెన్సిల్‌తో కొట్టేసి రాసి ఉంటుంది. కీ ప్రతి ఏ భవనంలో, ఏ సీలు కవరులో ఉందో, తెరవడానికి ఏ ఇద్దరు ఉండాలో అక్కడ ఉంటుంది. నీది వేరుగా ఉంటుంది, నువ్వే రాసుకో, కాగితం మీదే రాయి. రాశాక నీ బృందంలో లేని మనిషి చేతికిచ్చి, నువ్వు పక్కన కూర్చుని, నోరు మెదపకుండా, అతను ఎక్కడ ఆగుతాడో చూడు. ఆగిన చోటు నాకు ఫోన్ చేసి చెప్పు. ఎంత రాత్రయినా ఎత్తుతాను.

మీ అమ్మకు ఈ పింఛను సంగతి నేనే చెబుతాను, నువ్వు చెప్పకు.

ఆశీస్సులతో,
మామయ్య