నీ జాబితాలో ఆ అమ్మాయి లేదు

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ వ్యాసం అందింది. పిల్లల్ని చూసుకునే టీనేజి బేబీసిట్టర్‌కు తక్కువ ఖర్చులో క్రిస్మస్ కానుక ఏమివ్వాలి అన్నది మరీ చిన్న విషయమేమో అని ఉత్తరంలో సంకోచించావు. సంకోచం అక్కర్లేదు. డబ్బు, వయసు, కృతజ్ఞత, హోదా ఈ నాలుగూ ఒకే గుమ్మం దగ్గర ఎదురుపడే సందర్భాలు అరుదు. విషయానికి లోటేమీ లేదు. లోటంతా రాసిన తీరులో ఉంది.

ముందు ఎత్తుగడ. కుచేలుడి అటుకులతో మొదలుపెట్టి, రెండో పేరాలో బాల యేసును చూడవచ్చిన తూర్పు దేశపు జ్ఞానుల్ని దింపావు. కానుకల మీద కలం పట్టిన ప్రతివాడూ కుచేలుణ్ణి పిలుస్తూనే ఉన్నాడు. పాపం, ఆయన్ని కాస్త విశ్రాంతి తీసుకోనీ. ఇక జ్ఞానులు తెచ్చినవి బంగారం, సాంబ్రాణి, బోళం. వాటిలో చవకది ఏది? చవక కానుకల వ్యాసంలో వాళ్లకేం పని? పైగా ‘ముగ్గురు జ్ఞానులు’ అని రాశావు. మత్తయి సువార్తలో వాళ్లు ఎందరో చెప్పలేదు. కానుకలు మూడు కాబట్టి మనుషులూ ముగ్గురేనని తర్వాతివాళ్లు లెక్కగట్టుకున్నారు. పాఠకుడు ఇలాంటి చోట ఒక్కసారి పట్టుకున్నాడంటే, ఆ తర్వాత నువ్వు చెప్పే మంచి మాటను కూడా అనుమానంగానే చదువుతాడు.

ఇక ఆ జాబితా. కొవ్వొత్తులు, కప్పులు, మేజోళ్లు, సబ్బుల పెట్టె, ఉన్ని టోపీ, ఉన్ని తొడుగులు... సగంలో చదవడం ఆపేశాను. డిసెంబరులో భూమధ్యరేఖకు దక్షిణాన ఎండాకాలమని నీకు తెలియదా? ఆ ఉన్నంతా అక్కడివాళ్లు ఏం చేసుకుంటారు? అది అలా ఉంచు. నీ జాబితాలోని వస్తువులన్నీ ఎవరికైనా ఇవ్వదగ్గవే. పక్కింటి పెద్దావిడకు ఇవ్వొచ్చు, ఆఫీసులో తోటి ఉద్యోగికి ఇవ్వొచ్చు. సాయంత్రం పుస్తకాల సంచితో వచ్చి, బిడ్డకు తినిపించి, కథ చెప్పి నిద్రపుచ్చి, తల్లిదండ్రులు తిరిగి వచ్చేదాకా హాల్లో కూర్చుని లెక్కలు చేసుకునే పదహారేళ్ల పిల్ల మాత్రం నీ వ్యాసంలో ఎక్కడా కనిపించలేదు. ముందు ఆమెను తెచ్చి కూర్చోబెట్టు. ఏ వస్తువు కొనాలో తర్వాత దానంతటదే తేలుతుంది.

ఎలా అంటావా? ఆమె ముందున్న బల్లను చూడు. పెన్నుల సంచికి జిప్పు ఊడిపోయింది, రబ్బరు బ్యాండు చుట్టి పెట్టుకుంది. లెక్కల నోటుపుస్తకం అంచుల నిండా పిల్లులు. ఒకటి ఒళ్లు విరుచుకుంటోంది, ఒకటి భాగహారం గీత మీద పడుకుంది. ఈ రెంటిలో దేన్ని చూసి కానుక కొనాలి? చాలామంది రబ్బరు బ్యాండును చూసి కొత్త సంచి కొంటారు. ఉపయోగమే, కాదనను. కానీ ఆ సంచి అందుకున్న పిల్లకు తన లేమి ఎదుటివాళ్ల కంట్లో పడిందన్న సంగతి కూడా అందుతుంది. ఆ వయసులో అది గుచ్చుకుంటుంది. పిల్లుల్ని చూసినవాళ్లు 0.3 మిల్లీమీటర్ల మొన ఉన్న, నీటికి చెరగని నల్ల సిరా పెన్ను ఒకటీ, గీతలు లేని చిన్న బొమ్మల పుస్తకం ఒకటీ కొంటారు. మామూలు కాగితం చదరపు మీటరుకు దాదాపు 80 గ్రాములు తూగుతుంది. బొమ్మల కాగితం 120 గ్రాములకు పైన ఉంటే సిరా అంత తేలిగ్గా వెనక్కి దిగదు. సంచికీ దీనికీ ఖర్చులో పెద్ద తేడా ఉండదు. లేమిని చూసి కొనడానికీ ఇష్టాన్ని చూసి కొనడానికీ ఉన్న తేడానే నీ వ్యాసానికి కేంద్రం చేయమని నా సలహా. మిగతాదంతా దాని చుట్టూ అల్లుకోవచ్చు.

నువ్వు అసలు ముట్టుకోని విషయం ఇంకొకటుంది: డబ్బు. ఈ పిల్ల బంధువు కాదు, అలాగని కంపెనీ ఉద్యోగి అంత దూరమూ కాదు. గంటల లెక్కన డబ్బు తీసుకుంటుంది. కాబట్టి కానుక ఎంత మంచిదైనా జీతం కింద జమ కాకూడదు. పాత బాకీ ఉంటే అది ముందు తీరాలి. కానుకకు వేరే సంచి, జీతానికి వేరే కవరు. మర్యాదల గురించి రాసే పెద్దలు తరచూ చెప్పేది, క్రమం తప్పకుండా వచ్చే బేబీసిట్టర్‌కు ఏడాది చివర ఒక సాయంత్రపు జీతం అదనంగా ఇచ్చి, పిల్లల చేతి మీదుగా ఏదో ఒక చిన్న వస్తువు ఇప్పించమని. చేతిలో అంత లేనివాళ్లకు ఆ రెండో భాగం ఒక్కటే చాలు. ఈ మాట నీ వ్యాసంలో స్పష్టంగా ఉండాలి. తక్కువ ఖర్చు అని వెతుక్కుంటూ వచ్చిన పాఠకుడికి ఆ ధైర్యమే కావాలి.

గిఫ్ట్ కార్డును నువ్వు ‘ఆత్మ లేని కాగితం’ అని తీసిపారేశావు. కాస్త తొందరపడ్డావు. టీనేజి పిల్లలకు తమ ఇష్టానికి ఖర్చుపెట్టుకునే డబ్బు అంటే ప్రాణం. దాంతో ఉన్న ఇబ్బంది వేరే. దాని మీద అంకె అచ్చయి ఉంటుంది. ఆ అంకె చిన్నదైతే, గంటకు ఇంత అని లెక్క తెలిసిన పిల్ల అది ఎన్ని నిమిషాల జీతమో గుమ్మం దాటేలోపు తేల్చేస్తుంది. పెన్ను మీద అంకె ఉండదు.

ఈ చోట నీకు ఉపయోగపడే అధ్యయనాలు రెండున్నాయి. అమెరికా ఆర్థికవేత్త జోయెల్ వాల్డ్‌ఫోగెల్ 1993లో కళాశాల విద్యార్థుల్ని అడిగి ఒక లెక్క తీశాడు. పండక్కి వచ్చిన వస్తువులకు పుచ్చుకున్నవాళ్లు కట్టిన విలువ వాటి ధర కంటే తక్కువ. ధరలో పదో వంతు నుంచి మూడో వంతు దాకా గాలికి పోయినట్టే. స్నేహితులు ఇచ్చినవాటిలో ఈ నష్టం తక్కువ, దూరపు పెద్దలు ఇచ్చినవాటిలో ఎక్కువ. దీన్ని చూపించి ‘డబ్బే ఇవ్వండి’ అని వాదించేవాళ్లున్నారు. కానీ ఆ ప్రశ్నను ఎలా అడిగారో చూడు: వస్తువుతో ముడిపడిన అభిమానాన్ని పక్కన పెట్టి విలువ చెప్పమన్నారు. ఆయన పక్కన పెట్టమన్న ఆ ముక్క మీదే నువ్వు వ్యాసం రాస్తున్నావు! రెండోది, 2009లో ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ ప్రచురించింది. ఖరీదు పెరిగితే ఎదుటివాళ్ల సంతోషమూ పెరుగుతుందని ఇచ్చేవాళ్లు అనుకుంటారు. పుచ్చుకునేవాళ్ల సంతోషానికీ ఖరీదుకూ అలాంటి లంకె కనిపించలేదు. ఈ రెంటినీ నాలుగు వాక్యాల్లో చెప్పి దాటిపో. పరిశోధనల్ని గుదిగుచ్చితే వ్యాసం బరువెక్కుతుంది.

ఇవ్వకూడనివాటి గురించి ఒక్క పేరా చాలు, కానీ ఆ పేరా ఉండి తీరాలి. అత్తరులు, ముఖానికి పూసుకునేవి, దుస్తులు వద్దు. కొలతలూ ఒంటి రంగూ మన లెక్కలోకి వచ్చాయంటే ఆ పిల్లకు ఇబ్బంది. ఆమె తల్లిదండ్రుల ముందు విప్పి చూపించడానికి వెనకాడే వస్తువేదీ పనికిరాదు. రంగుల పెట్టె, పజిల్ డబ్బా లాంటివి ‘మా బాబుతో ఆడుకోవడానికి’ అంటూ ఇస్తారు కొందరు. అది పనిముట్టు, కానుక పేరుతో ఇవ్వడం అన్యాయం. ఆ ఇంట్లో క్రిస్మస్ చేసుకోకపోతే మామూలు కాగితంలో చుట్టి, ఏడాది చివర అభిమానంతో ఇచ్చామంటే సరిపోతుంది. అన్నట్టు, అబ్బాయిలు కూడా ఈ పని చేస్తారు. వ్యాసం పొడుగునా ‘అమ్మాయి’ అన్నావు. ఒక వాక్యంలోనైనా వాళ్లను తలుచుకో.

ఇప్పుడు కార్డు. నీ వ్యాసంలో అన్నిటికంటే నీరసంగా ఉన్నది అదే, అన్నిటికంటే బాగుండాల్సిందీ అదే. ‘మా పాపను ప్రేమగా చూసుకుంటున్నందుకు ధన్యవాదాలు’ అని నమూనా ఇచ్చావు. అచ్చు వేసిన కార్డులో ఆ మాట ముందే ఉంటుంది కదా, తల్లి మళ్లీ పెన్ను పట్టడం దేనికి? ఇలా రాసి చూడు: ‘ఉరుములు వచ్చిన రాత్రి నువ్వు దుప్పటి కింద టార్చి వెలిగించి కథ చెప్పావట. ఇప్పుడు ఉరుము వినబడితే మా పాప ఏడవడం మానేసి టార్చి వెతుక్కుంటోంది.’ రెండే వాక్యాలు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఉన్న పిల్లకు తప్ప వేరెవరికీ ఇవి పనికిరావు. కార్డు మీద బొమ్మ పాపనే వేయనీ. గీతలు వంకరగా వస్తే దిద్దకూడదని కూడా రాయి. తల్లిదండ్రులు దిద్దుతారు, నాకు తెలుసు.

పైసా ఖర్చులేని కానుక ఒకటుంది, సిఫారసు ఉత్తరం. నీకు తోచినట్టు లేదు. ఈ పిల్ల రేపోమాపో చదువుకో ఉద్యోగానికో దరఖాస్తు పెట్టుకుంటుంది. ‘పని అనుభవం’ అన్న గడి దగ్గర ఆగిపోతుంది. ఎన్నాళ్లుగా వస్తోంది, ఎంత వయసు పిల్లల్ని చూసుకుంది, చెప్పిన వేళకు వచ్చిందా, ఏదైనా చిక్కు వచ్చినప్పుడు ఏం చేసింది అన్నవి ఒక పేజీలో రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, ఎవరైనా అడిగితే ఫోనులో మాట్లాడతామని చేర్చి ఇస్తే ఆమెకు అది ఎన్నో ఏళ్లు అక్కరకొస్తుంది. కార్డు వేరు, ఈ కాగితం వేరు, రెంటినీ కలపకూడదు. కార్డులో టార్చి ఉండాలి, దీంట్లో తేదీలు ఉండాలి. నీ స్థానంలో నేనుంటే కొవ్వొత్తులూ కప్పులూ తీసేసి, ఆ జాగా అంతా దీనికే ఇస్తాను. నమూనా కూడా ఒకటి పూర్తిగా రాసి పెడతాను.

ఎప్పుడు ఇవ్వాలో రాయలేదు. రాత్రి పొద్దుపోయాక, ఆమెను తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు బయట ఎదురుచూస్తుండగా, జీతం కవరుతో పాటు చేతిలో పెడితే దేనికీ విలువ దక్కదు. సెలవులకు ముందు వచ్చే చివరి సాయంత్రం, ఆమె రాగానే, పిల్లలు మేలుకుని ఉండగా ఇప్పించాలి. అక్కడే విప్పమని పట్టుబట్టకూడదు. నచ్చకపోయినా నచ్చినట్టు ముఖం పెట్టాల్సిన శిక్ష ఆమెకెందుకు?

చివరి పేరా, ‘ప్రేమకు వెల లేదు’ దగ్గర్నుంచి, మొత్తం కొట్టేశాను. కోపం తెచ్చుకోకు. సిఫారసు ఉత్తరం నమూనా దగ్గర వ్యాసం ఆపెయ్.

తిరగరాసిన ప్రతిని నవంబరు దాటకుండా పంపు. డిసెంబరు 20వ తేదీ తర్వాత అచ్చయిన కానుకల సలహా ఎవరికీ అక్కరకు రాదు, సంపాదకులకు అస్సలు రాదు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి