క్లిప్పులు కనబడకుండా పళ్లు సరిచేసుకోవచ్చా?

ప్ర: నాకు 26 ఏళ్లు. పైవరసలో ముందు పళ్లు రెండు ఒకదాని మీదికొకటి ఎక్కాయి. ఎనిమిది నెలల్లో పెళ్లి. ఫొటోల్లో తీగలు కనిపించకూడదు. ఈలోగా అలైనర్లతో సరవుతాయా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జ: మూడు నాలుగు మిల్లీమీటర్ల చోటు చాలక పళ్లు ఎక్కి ఉండి, దవడపళ్లు సరిగ్గా కలుస్తుంటే ఆశ పెట్టుకోవచ్చు. అలైనర్లంటే పళ్లకు తొడుక్కునే పారదర్శక ప్లాస్టిక్ ట్రేలు. ఒక్కో ట్రే పన్నును దాదాపు పావు మిల్లీమీటరు జరుపుతుంది. ఇరవై ట్రేలను పదేసి రోజులు పెట్టుకుంటే ఆరున్నర నెలలు పడుతుంది. మొదటి సెట్టు అయ్యాక మిగిలిన వంకరలకు మళ్లీ స్కాన్ తీసి మరో సెట్టు చేయించడం మామూలే. కాబట్టి రేపు, ఎల్లుండి అనకండి.

ముందుగా రెండు ఎక్స్‌రేలు (దవడలన్నీ కనిపించే ఓపీజీ, పక్కనుంచి తల మొత్తం తీసేది), గార తీయించడం, పుచ్చులకు సిమెంటు. చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే అది తగ్గాకే ట్రేలు. తర్వాత స్కాన్. చోటు కోసం పళ్ల సందుల్లో సన్నటి పట్టీతో 0.2 నుంచి 0.5 మిల్లీమీటర్ల వరకు ఎనామిల్ (పంటి పైపొర) అరగదీస్తారు. నొప్పి ఉండదు. ట్రేకు పట్టు దొరకాలని కొన్ని పళ్ల మీద పంటి రంగు బొడిపెలు అతికిస్తారు. అవి దగ్గరగా చూస్తే కనిపిస్తాయి. పెళ్లి తేదీ ముందే చెబితే, ముందు పళ్ల మీదివి తీసేసి తర్వాత మళ్లీ అతికించవచ్చు.

ఇక అసలు సంగతి. రోజుకు 22 గంటలు ట్రే నోట్లో ఉండాలి. మిగిలిన రెండు గంటల్లోనే తిండి, టీ, బ్రషింగు. ట్రే పెట్టుకుని మంచినీళ్లు తప్ప ఏమీ తాగకూడదు. వేడికి ప్లాస్టిక్ వంకరపోతుంది, తీపి టీ లోపల ఇరుక్కుని పళ్లు పుచ్చుతాయి. వేడినీళ్లతో కడగడమూ అంతే ప్రమాదం.

అద్దం ముందు నిలబడి పన్ను అంచుకూ ట్రేకూ మధ్య ఖాళీ ఉందేమో చూసుకోండి. ముందు పళ్లకు అటూ ఇటూ ఉండే చిన్న పళ్ల దగ్గరే ఇది ఎక్కువ. ఖాళీ ఉంటే తర్వాతి ట్రేకు వెళ్లొద్దు. మెత్తటి రబ్బరు చ్యూయీని ఆ చోట కొరికిపెట్టి, అదే ట్రేను మరికొన్ని రోజులు వాడండి. అయినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. పాత ట్రే పారేయకండి, కొత్తది పోతే అదే ఆసరా. పోవడమూ ఎక్కడో కాదు, విందు భోజనాల్లో! టిష్యూలో చుట్టి పక్కన పెట్టిన ట్రే అరిటాకుతో పాటే వెళ్లిపోతుంది. డబ్బా వెంట ఉంచుకోండి.

పళ్లు బాగా ఎత్తుగా ఉండి, చిన్న దవడపళ్లు తీయాల్సి వస్తే మాత్రం లెక్క మారుతుంది. ట్రే పన్ను పైభాగాన్నే పట్టుకుంటుంది, వేరు వెనకబడుతుంది, దాంతో పన్ను ఖాళీలోకి ఒరుగుతుంది. అక్కడ క్లిప్పులదే పైచేయి. ఎనిమిది నెలలూ చాలవు.

ప్ర: సిరామిక్ క్లిప్పులు వేయించుకున్నా. వారానికే పచ్చబడ్డాయి. మోసపోయానా?
– ఒక పాఠకుడు, వరంగల్

జ: లేదు. పచ్చబడింది పంటికి అతికించిన సిరామిక్ ముక్క (బ్రాకెట్టు) కాదు, దాని చుట్టూ ఉన్న రబ్బరు రింగు. పసుపును అది ఇట్టే పీల్చుకుంటుంది, ఏ పేస్టుతోనూ పోదు. నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి తీగ బిగించేటప్పుడు రింగులు మారుస్తారు. పులిహోర తినాలనిపిస్తే దానికి ముందు రోజు తినేయండి. రింగుల బదులు సన్నటి స్టీలు తీగతో కట్టమని అడగవచ్చు. సకినాలు, చెరకు మానేయాలి, సిరామిక్ పెళుసు. పైపళ్లు కిందివాటిని బాగా కప్పేస్తుంటే కిందివరసకు సిరామిక్ వద్దు. అది పంటికన్నా గట్టిది, తగిలిన చోటల్లా పైపళ్ల ఎనామిల్ అరిగిపోతుంది.

ప్ర: కాలేజీలో పాఠం చెబుతాను. పళ్ల వెనక వేసే క్లిప్పులు మంచివా?
– ఒక లెక్చరర్, కర్నూలు

జ: బయటికి అసలు కనిపించనివి అవే. కానీ మొదటి కొన్ని వారాలు ‘స’, ‘ద’ సరిగ్గా పలకవు, నాలుక ఒరుసుకుని పుండ్లు పడతాయి. మైనం అద్దుకోవాలి. ఖర్చు ఎక్కువ, చేసేవాళ్లు తక్కువ. వేసవి సెలవుల మొదట్లో వేయించుకోండి. ట్రేలతోనూ కాస్త నత్తి వస్తుంది గానీ సాధారణంగా కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది.

ప్ర: పదో తరగతిలో క్లిప్పులు వేశారు. సరిచేసిన పళ్లు కదలకుండా పెట్టుకునే రిటెయినర్ పోయింది, పళ్లు మళ్లీ కదిలాయి. డాక్టరు దగ్గరికి వెళ్లకుండా ట్రేలు తెప్పించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, డల్లాస్

జ: వద్దు. ఎక్స్‌రే లేకుండా ఎముక ఎంత మిగిలిందో, వేరు ఎలా ఉందో తెలియదు. అలా పోస్టులో ట్రేలు పంపిన స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ 2023 డిసెంబరులో మూతబడింది, చికిత్స మధ్యలో ఉన్నవాళ్లు చిక్కుల్లో పడ్డారు. పళ్ల వరస సరిచేసే డాక్టరుకు (ఆర్థోడాంటిస్ట్) చూపించండి. కదిలింది కొంచెమే అయితే కొద్ది ట్రేలతో సరిపోవచ్చు. ఆ తర్వాత ముందు పళ్ల వెనక సన్నటి తీగ అతికించమనండి, రాత్రిళ్లు వేసుకునే రిటెయినర్లు రెండు జతలు చేయించుకోండి. తీగ ఒక పంటి దగ్గర ఊడినా తెలియదు, ఆ పన్ను జరిగిపోతుంది. వారానికోసారి వేలితో తడిమి చూసుకోండి.