జ్వరంలో చేసిన పరీక్ష చూసి విటమిన్ ఎ వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 46. రాత్రిపూట బండి నడుపుతుంటే ఎదురు లైట్లకు కళ్లు చెదురుతున్నాయి. గత నెల జ్వరంలో రక్తపరీక్ష చేయిస్తే విటమిన్ ఎ తక్కువని వచ్చింది. పెద్ద డోసు క్యాప్సూల్స్ వేసుకోమని స్నేహితుడు అంటున్నాడు. వేసుకోవచ్చా డాక్టర్ గారూ?

జవాబు: ఇప్పుడే వద్దండి. జ్వరంలో వచ్చిన ఆ అంకెను నేనైతే నమ్మను.

విటమిన్ ఎ నీళ్లలో కరగదు, కాబట్టి రక్తంలో ఎవరో ఒకరు మోసుకెళ్లాలి. తిన్నది పేగుల నుంచి కొవ్వుతో కలిసి రక్తంలోకి చేరుతుంది. అందులో ఎక్కువ భాగాన్ని కాలేయం దాచుకుని, అవసరం మేరకు రెటినాల్ (విటమిన్ ఎ రూపం) బైండింగ్ ప్రోటీన్‌కు తగిలించి పంపుతుంది. ఇది చిన్న ప్రోటీన్, ఒంటరిగా ఉంటే కిడ్నీల వడపోతలో జారిపోతుంది. అందుకే ట్రాన్స్‌థైరెటిన్ అనే పెద్ద ప్రోటీన్ దాన్ని పట్టుకుని ఉంటుంది.

జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు కాలేయం ఈ మోసే ప్రోటీన్‌ తయారీని తగ్గించేస్తుంది. కాలేయంలో నిల్వ నిండుగా ఉన్నా రక్తంలో విటమిన్ తక్కువ కనిపిస్తుంది. ఇంకో చిత్రం కూడా ఉంది. నిల్వ దాదాపు అయిపోయేదాకా కాలేయం రక్తంలో స్థాయిని పడిపోనివ్వదు. అంటే నార్మల్ అని వచ్చినా నిల్వ బాగుందని అనుకోలేం. డెసిలీటరుకు 20 మైక్రోగ్రాముల కంటే తగ్గితే లోపం అంటాం. మీరు పూర్తిగా కోలుకుని కొన్ని వారాలయ్యాక మళ్లీ పరీక్ష చేయించండి.

రక్తంలో వచ్చిన విటమిన్‌ను రెటీనా (కంటి లోపలి తెర) వెనకున్న పొర అందుకుని, రూపం మార్చి, మసక వెలుతురులో చూపునిచ్చే రాడ్ కణాలకు ఇస్తుంది. వెలుగు తగలగానే దాని ఆకారం మారిపోతుంది. మళ్లీ ఆ పొరే దాన్ని సరిచేసి పంపుతుంది. ఈ సరఫరా తగ్గినవాళ్లు చీకట్లో తడుముకుంటారు, వెలుతురులోంచి చీకటిగదిలోకి వెళితే కళ్లు సర్దుకోవడానికి చాలాసేపు పడుతుంది. మీరు చెప్పింది వేరు. లైట్లకు కళ్లు చెదరడం శుక్లాల మొదటి దశలోనో, అద్దాల పవర్ మారినప్పుడో ఎక్కువగా చూస్తాం. కంటి డాక్టర్‌తో కంటిపాపను పెద్దది చేసి చూసే పరీక్ష చేయించుకోండి.

పోతే, స్నేహితుడి సలహా. మిగిలిన విటమిన్ ఎ సులువుగా మూత్రంలో పోదు, కాలేయంలో పేరుకుంటుంది. పెద్దవాళ్లకు క్యాప్సూల్స్‌లో ఉండే రెటినాల్ రకం రోజుకు 3,000 మైక్రోగ్రాములు దాటకూడదు. గర్భిణుల్లో అతి డోసు బిడ్డకు అవకరాలు తేగలదు. క్యారెట్లలోని బీటా కెరోటిన్‌తో ఈ భయం లేదు, శరీరం దాన్ని కావలసినంతే విటమిన్ ఎగా మార్చుకుంటుంది.

మీకు దీర్ఘకాలిక కాలేయ జబ్బు గానీ, పేగులకు ఆపరేషన్ గానీ అయ్యుంటే మాత్రం లోపం నిజంగానే ఉండొచ్చు. ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి.