బడిలో కౌన్సెలింగ్ పని నీ మీద పెడితే

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

కనిగిరి వైపు హైస్కూల్లో పిల్లల కౌన్సెలింగ్ నీకప్పగించారనీ, రెండు రోజుల శిక్షణ తప్ప చేతిలో ఏమీ లేదనీ రాశావు. భయపడకు. నువ్వు వైద్యం చేయనక్కర్లేదు. కనిపెట్టాలి, వినాలి, అవసరమైనవాళ్లను డాక్టరు దాకా చేర్చాలి, అంతే. చేర్చే దగ్గరే బడులు ఎక్కువగా తప్పుతాయి.

కనిపెట్టడానికి ఫారాలేం అక్కర్లేదు. హాజరుపట్టీ తిరగేస్తే సోమవారాలు ఎవరు ఎగ్గొడుతున్నారో తెలిసిపోతుంది. మధ్యాహ్న భోజనం దగ్గర పది నిమిషాలు నిలబడు. గుడ్డు పక్కపిల్ల ప్లేటులో పెట్టేసి, అన్నం రెండు ముద్దలు కెలికి, అందరికంటే ముందు కుళాయి దగ్గరికెళ్లే పిల్ల కనిపిస్తుంది. వారానికి మూడుసార్లు కడుపునొప్పి అనే పిల్లాడు, ఏఎన్ఎం చూసి ఏమీ లేదన్నా మళ్లీ వస్తాడు. మార్చి ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా గుండీ విప్పనివాడు, ఇష్టమైన పెన్నూ పుస్తకాలూ ఉన్నట్టుండి పంచిపెట్టేసేవాడు, వీళ్లను అసలు వదలకు, తమకు తాము హాని చేసుకునే గుర్తులు కావచ్చు. మిగతావాటిలో ఒక్క గుర్తు చూసి కంగారు పడొద్దు. మొదటినుంచీ మాట్లాడని పిల్ల మౌనం జబ్బు కాదు. వాగుడుకాయ నోరు మూసుకుని రెండు వారాలైతే అప్పుడు పిలువు.

పిలిచేది స్టాఫ్ రూముకు కాదు. అందరికీ కనబడాలి, మాట మాత్రం వినబడకూడదు. వేపచెట్టు కింద అరుగు చాలు. ఎదురుగా కాదు, పక్కన కూర్చో. ఇరవై నిమిషాలు మించనక్కర్లేదు. "ఏమైంది నీకు?" అంటే "ఏం లేదు మేడమ్" అనే వస్తుంది. చూసింది చెప్పు: "ఏందమ్మా, వారం నుంచి గుడ్డు తినకుండా ఇచ్చేస్తున్నావే?" అని ఊరుకో. ఆ తర్వాతి నిమిషం మౌనాన్ని ఓర్చుకోవడమే ఈ పనిలో కష్టమైన పని. "మీ నాన్న నీకోసం ఎంత కష్టపడుతున్నాడో" అన్న మాట మాత్రం నోటి వెంట రానీయకు. ఆ పిల్ల అప్పటికే ఆ మాట మోస్తూ వచ్చింది.

ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టొద్దు. "నీకు ప్రమాదం అనిపిస్తే ఒకరిద్దరికి చెప్పాల్సి వస్తుంది, అదీ నీకు చెప్పే చేస్తా" అని ముందే అనెయ్యి. చావు మాట నీడగా వినిపించినా సూటిగా అడుగు: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు, అడిగినందుకు పిల్ల ఊపిరి పీల్చుకుంటుంది. అవునంటే ఎప్పుడు, ఎట్లా అని ఆలోచించిందేమో కూడా అడగాలి. ఆలోచించి ఉంటే ఆ క్షణం నుంచి ఒంటరిగా వదలొద్దు, మరుగుదొడ్డి దాకా కూడా. ఇంటివాళ్లు వచ్చాకే పంపు. పురుగుమందు డబ్బాలు, మాత్రలు ఇంట్లోంచి తీసేయమనీ, కుదరకపోతే తాళం వేసి తాళంచెవి పెద్దవాళ్ల దగ్గర ఉంచుకోమనీ చెప్పు. ఆసుపత్రికి ఆ రోజే వెళ్లాలి.

ఇక్కడే చిక్కు. మీ వైపు అమ్మానాన్నలు బేల్దారి పనులకు హైదరాబాదో బెంగళూరో వెళ్లి ఉంటారు, ఇంట్లో అవ్వ ఒక్కతే. ప్రాణం మీదికొచ్చిన సంగతైతే వేళ చూడకుండా ఫోన్ చెయ్యి, బండి దొరక్కపోతే 108కి చెయ్యి. మామూలు సంగతైతే పగలు చేయకు, మేస్త్రీ పక్కనే ఉంటాడు. రాత్రి ఏడు దాటాక ఇద్దరితోనూ మాట్లాడు. "మానసిక సమస్య" అనగానే "మా పిల్లకు పిచ్చా?" అని ఫోన్ పెట్టేస్తారు. నిద్ర పట్టడం లేదు, తిండి తగ్గింది, లెక్కల్లో వెనకబడింది అని చెప్పు. అవి వాళ్లకు అర్థమయ్యే మాటలు, పైగా నిజాలు. గాలి సోకింది, కసుమూరు దర్గాకు పోయొస్తామంటే వాదనకు దిగొద్దు. "పోయిరండి, డాక్టరుకు కూడా చూపించండి" అను. వాదించావంటే రెండోది జరగదు.

మీకు దగ్గర ఒంగోలు రిమ్స్, నెల్లూరు వైపు వాళ్లకు దర్గామిట్టలోని ప్రభుత్వ ఆసుపత్రి. రెండింట్లోనూ మానసిక వైద్య విభాగం ఉంది. మామూలు చూపింపుకైతే తొలి బస్సుకే బయల్దేరమను, ఓపీ చీటీ వరుస పెద్దది. ఆధార్, పాత మందుల చీటీలతో పాటు నీ చేతిరాతతో అరపేజీ ఇవ్వు. ఎప్పటి నుంచి, నువ్వేం చూశావు, పిల్ల సొంత మాటల్లో ఏమంది, బడి ఏం చేసింది, ఇంతే. "డిప్రెషన్" అని నువ్వు రాయకు. ఆ కాగితం లేకపోతే అవ్వ "సరిగ్గా తినడం లేదయ్యా" అంటుంది, బలం మాత్రలతో తిరిగొస్తారు.

కుంగుబాటుకు మందులు రాస్తే గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారానికే పని చేయలేదని మానేసేవాళ్లు కొందరు, బాగైందని డాక్టరును అడక్కుండా ఆపేసేవాళ్లు ఇంకొందరు. మొదట్లో క్లాసులో మగతగా ఉంటే లేపి నిలబెట్టొద్దని తోటి మాస్టార్లకు చెప్పి ఉంచు.

ఆసుపత్రి దూరమైతే మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ టెలిమానస్ ఉంది, 14416. డబ్బు పడదు, రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు. ముందు కౌన్సెలరు, అవసరమైతే డాక్టరుకు కలుపుతారు. నంబరు గోడ మీద రాయిస్తే సరిపోదు. హాస్టలు పిల్లల దగ్గర ఫోనెక్కడిది? ఏ మేడమ్ ఫోన్ అడగొచ్చో పేరుతో సహా రాయించు. ఫిర్యాదుల పెట్టె హెచ్.ఎం. గది ముందు, కెమెరా కింద పెడితే సాలెగూడు తప్ప ఏమీ ఉండదు. మంచినీళ్ల దగ్గర పెట్టి, వారానికోసారి ఇద్దరు కలిసి తెరవండి.

పిల్ల మీద ఎవరైనా లైంగికంగా చెయ్యి వేశారని తెలిస్తే అది కౌన్సెలింగ్ సంగతి కాదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, దాచితే ఆరు నెలల దాకా జైలు. గుచ్చి గుచ్చి అడగొద్దు, ఊరి పెద్దల రాజీకి ఒప్పుకోవద్దు. తోడు కావాలంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098.

"ఇదంతా టీచరు పనేనా?" అని హెచ్.ఎం. గారంటే, విశాఖలో చనిపోయిన నీట్ విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన తీర్పు చూపించు. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలరు, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఉండాలంది. కౌన్సెలరు కోసం అర్జీ ఇప్పుడే పెట్టించు. మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టడం, అందరి ముందూ తిట్టడం కూడా ఆ తీర్పు వద్దంది. ఈ రెండూ మాన్పిస్తే నీ దగ్గరికొచ్చే పిల్లలు కొంత తగ్గుతారు.

పదో తరగతి ఫలితాలప్పటికి బడికి సెలవులు, పిల్లలు నీ కంటికి కనబడరు. అందుకే మార్చిలోనే పదీ పదిహేను మంది పేర్లు, ఇంటి నంబర్లు, పక్కింటివాళ్ల నంబర్లు రాసి పెట్టుకో. ఫలితాలకు ముందురోజు ఒకసారి మాట్లాడి సప్లిమెంటరీ సంగతి చెప్పు, అది పాసై అదే ఏడాది ఇంటర్లో చేరొచ్చని కూడా. ఫలితాల రోజు మధ్యాహ్నంలోపు మళ్లీ చెయ్యి. ఎత్తని ఇంటికి సాయంత్రంలోగా ఎవరో ఒకరు వెళ్లాలి. ఆ ఊళ్లో ఆశా కార్యకర్త నంబరు కూడా నీ దగ్గర పెట్టుకో.

దీవెనలతో,
మీ పెద్ద మాస్టారు