అంటురోగం రోజుల్లో ఇంటి సేవ: మీ ప్రశ్నలకు జవాబులు

కోవిడ్ నాటి అనుభవంతో, అలాంటి జబ్బు మళ్లీ వస్తే మంచాన ఉన్న పెద్దవాళ్లను, వికలాంగులను ఇంట్లో ఎలా చూసుకోవాలని చాలామంది రాశారు. అందరికీ పనికొచ్చే నాలుగు ప్రశ్నలు ఈ నెల తీసుకున్నాం.

మా అమ్మకు పక్షవాతం. ఆయా మా ఇంటికీ, ఇంకో ఇంటికీ వెళ్తుంది. ఊళ్లో కేసులు మొదలైతే ఆమెను మాన్పించేయాలా? – పాఠకురాలు, ఆమదాలవలస

మాన్పించకండి. తనంతట తాను పక్కకు తిరగలేని మనిషిని రెండు గంటలకోసారి తిప్పకపోతే పిరుదులు, తుంటి, మడమల దగ్గర చర్మం ఎర్రబడి, పుండు పడుతుంది. ఒత్తిడి ఆగకపోతే ఒక్కరోజులోనే మొదలవ్వొచ్చు, మానడానికి మాత్రం నెలలు పడుతుంది. భయంతో సేవ ఆపేసిన ఇళ్లల్లో జరిగే నష్టం ఎక్కువగా ఇదే.

ముందు పనుల్ని విడదీయండి. ఒళ్లు తుడవడం, డైపర్ మార్చడం, తిప్పడం, తినిపించడం మనిషి ముట్టుకోకుండా అయ్యేవి కావు. అవి ఆయాకే ఉంచండి. వంట, బట్టలు, మందులు తేవడం ఇంట్లోవాళ్లు చేసుకుంటే ఆమె ఉండే సమయం సగానికి తగ్గుతుంది. ఆ రెండో ఇంటివాళ్లతోనూ మాట్లాడుకోండి. మూడో ఇల్లు ఒప్పుకోకుండా ఉంటే ఆమెకు తగ్గే డబ్బు ఇద్దరూ కలిసి సర్దాలి. ఒంట్లో బాగోలేనిరోజు రాకపోయినా జీతం కోయబోమని ముందే చెప్పండి. కోస్తారని తెలిస్తే ఎవరైనా జ్వరం బిళ్ల వేసుకుని వచ్చేస్తారు, మీకు తెలియను కూడా తెలియదు.

ఆయా వచ్చాక సంచి, చెప్పులు అరుగు మీదే వదలాలి. గాజులు, ఉంగరాలు, వాచీ తీసి మోచేతుల దాకా సబ్బుతో కనీసం 20 సెకన్లు కడుక్కోవాలి. ఉంగరం కింద, గోళ్ల సందుల్లో మురికి అలాగే ఉండిపోతుంది కాబట్టి ఈ రెండు చోట్లా చూడండి. చీర మీద వేసుకోవడానికి మీ ఇంట్లోనే ఉతికిన పొడుగు చొక్కా ఒకటి పెట్టండి. మాస్క్ ముక్కు దగ్గర వదులుగా ఉంటే మూడు పొరలదైనా లాభం లేదు. తీగ నొక్కి సరిచేయాలి. గదిలో ఎదురెదురు కిటికీలు తెరిచి, గాలి ఆయా వైపు నుంచి అమ్మ ముఖం మీదికి వెళ్లకుండా మంచం పక్కకు జరపండి.

ఆయాకే జ్వరం వస్తే? ఇంట్లో ఇంకొకరికి తిప్పడం, తిండి ట్యూబ్ ఉంటే దాంతో ఆహారం పోయడం ఇప్పుడే నేర్పించి ఉంచండి. మందుల పేర్లు, వేళలు, డాక్టరు నంబరు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. మందులు నెలకు సరిపడా ఉంచుకోండి.

నాన్నకు మతిమరుపు. మాస్క్ పెడితే పీకేస్తారు. జ్వరం వచ్చినా ఆయన చెప్పలేరు. – పాఠకుడు, బొబ్బిలి

ఆయనకు మాస్క్ వద్దు. తనంతట తీసుకోలేనివారికీ, ఊపిరి అందనివారికీ అది పెట్టకూడదు కూడా. మీరు పెట్టుకోండి.

పెద్దవయసులో ఇన్ఫెక్షన్ వచ్చినా ఒళ్లు కాలకపోవచ్చు. అన్నం మానేయడం, మాట తడబడటం, ఉన్నట్టుండి పడిపోవడం, పగలంతా మగతగా ఉండటం: వీటిలో ఏది మొదలైనా జ్వరం లేదని ఊరుకోవద్దు. ఆక్సీమీటర్‌లో (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసేది) 94, అంతకు పైన ఉంటే ఇంట్లో చూడొచ్చు. 93కి దిగితే డాక్టరుకు చెప్పండి, 90 కంటే తగ్గితే 108కి ఫోన్ చేయాల్సిందే. గోరింటాకు, గోళ్ల రంగు, చల్లని వేళ్లు అంకెను తప్పుగా చూపిస్తాయి. వేళ్లు రుద్ది వెచ్చబెట్టి, అంకె నిలకడ పడేదాకా నిమిషం ఆగి చదవండి. ఊపిరితిత్తుల జబ్బు ముందే ఉంటే ఆయనకు మామూలుగా ఎంత ఉంటుందో డాక్టరుతో రాయించుకోండి.

మా ఆయనకు ఇంట్లోనే పొట్టలోంచి చేసే డయాలసిస్ (సీఏపీడీ). గాలి ఆడాలని కిటికీలు తెరవమంటున్నారు, సంచి మార్చేటప్పుడు మూసేయమంటున్నారు. ఏది నిజం? – పాఠకురాలు, కవిటి

రెండూ నిజమే, వేళ వేరు. సంచి మార్చే అరగంటా తలుపు, కిటికీ మూసి, ఫ్యాన్ ఆపండి. దుమ్ము లేచి గొట్టం మూతి మీద పడితే కడుపులో చీము పట్టే ప్రమాదం ఉంది. ఆ సమయంలో ఇద్దరూ మాస్క్ పెట్టుకోవాలి, గదిలో మూడో మనిషి వద్దు. పని అయ్యాక అన్నీ తెరిచేయండి. చేతులు కడిగాక శుభ్రమైన తువ్వాలుతో పూర్తిగా తుడుచుకోవాలి. తడి చేతి మీదే క్రిములు సులువుగా అంటుకుంటాయి. వాడే ముందు సంచి గడువు, మందు శాతం (డాక్టరు రాసిందేనా), ఎక్కడైనా కారుతోందా, నీరు తేటగా ఉందా, ఈ నాలుగూ చూడండి. బయటికి వచ్చిన నీరు మబ్బుగా ఉంటే, కడుపునొప్పి ఉంటే, ఆ సంచిని పారేయకుండా వెంటనే ఆస్పత్రికి పట్టుకెళ్లండి. పరీక్షకు అదే కావాలి.

సరుకు సంగతి మరవద్దు. రోజుకు నాలుగు చొప్పున నెలకు 120 సంచులు. ఒక్కోటి రెండు లీటర్లు కాబట్టి 240 కిలోల పైమాటే. రవాణా ఆగితే ఇబ్బంది కాబట్టి ఒక వారం సరుకు ఎప్పుడూ మిగులు ఉంచాలి. రేకుల గదిలో వేడికి పాడవుతాయి. నీడ ఉన్న చోట, నేలకు తగలకుండా చెక్క మీద పేర్చండి.

ఉద్దానంలో మిషన్ డయాలసిస్‌కు వెళ్లేవాళ్లకు ఒక మాట. రాకపోకలు ఆగి వారంలో ఒక్క విడత తప్పినా కొబ్బరినీళ్లు, పండ్లు, పనసతొనలు ఆపేయండి. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. చెట్టు పెరట్లోనే ఉంటే ఈ మాట పాటించడం కష్టమే, అయినా తప్పదు. డయాలసిస్ యూనిట్‌కు ఫోన్ చేసి మరుసటి విడత ఎప్పుడో ఆరోజే అడగండి.

చక్రాల కుర్చీ, ఆక్సిజన్ మిషన్ రెండూ వాడుతున్నాం. ఎలా శుభ్రం చేయాలి? కరెంటు పోతే? – పాఠకుడు, వజ్రపుకొత్తూరు

కుర్చీలో చేతితో తిప్పే అంచులు, బ్రేక్ పిడులు, చేతివాలు మాత్రం ముఖ్యం. బ్లీచింగ్ పొడి తాజాగా 30 శాతం క్లోరిన్ ఉన్నదైతే 10 లీటర్ల నీటికి 35 గ్రాములు తూచి కలిపి, తేరాక పై నీరు వాడండి. 10 నిమిషాల తర్వాత తడిబట్టతో తుడవకపోతే ఇనుము తుప్పు పడుతుంది. ఏ రోజు నీళ్లు ఆ రోజే. సముద్రపు గాలికి తెరిచిన పొడి బలం త్వరగా పోతుంది, డబ్బా గట్టిగా మూయండి. బాత్‌రూమ్ యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది. మనిషి మీద చల్లడం అసలే వద్దు.

ఆక్సిజన్ మిషన్ (నిమిషానికి 5 లీటర్లు ఇచ్చేది) సుమారు 350 వాట్లు తాగుతుంది. 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ ఒక్క మిషన్‌కే అయితే మూడు నుంచి నాలుగు గంటలు నడుపుతుంది, అదీ బ్యాటరీ కొత్తదైతే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చాక ఇక్కడ కరెంటు రోజుల తరబడి లేదన్నది మీకు గుర్తుండే ఉంటుంది. కాబట్టి ఒక బి-టైప్ సిలిండర్ పక్కన ఉంచండి. నిండుదాంట్లో సుమారు 1500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 2 లీటర్లు అయితే పన్నెండున్నర గంటలు, 5 అయితే 5 గంటలే. గేజీ ముల్లు సగానికి వచ్చినప్పుడే ఇంకోటి చెప్పండి.

కొబ్బరినూనె చేతులతో రెగ్యులేటర్ ముట్టుకోవద్దు, నూనె ఆక్సిజన్‌తో తగిలితే మండుతుంది. దీపం, అగరువత్తి, పొయ్యి గదిలోనే ఉండకూడదు. మిషన్‌కు తగిలించే నీటి సీసాలో కాచి చల్లార్చిన నీరు రోజూ మార్చండి.